లో-కట్ కొట్టే ముందు ఒక్కసారి డప్పు వినండి

"కిక్, బేస్ గిటార్ తప్ప మిగతా ప్రతి ట్రాక్ మీదా 100 హెర్ట్జ్ దగ్గర హై-పాస్ ఫిల్టర్ పెట్టేయండి, మిక్స్ క్లీన్ అయిపోతుంది." మిక్సింగ్ నేర్చుకోవాలని యూట్యూబ్ తెరిచిన ప్రతి కుర్రాడికీ మొదటి వారంలోనే దొరికే సలహా ఇది. ఫోన్‌లో ఎడిటింగ్ యాప్ వేసుకున్నవాళ్ళ దగ్గర్నుంచి ల్యాప్‌టాప్‌లో రీపర్, ఎఫ్ఎల్ స్టూడియో వాడేవాళ్ళ దాకా అందరూ దీన్ని మంత్రంలా పాటిస్తున్నారు.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. ఈ రూల్ పుట్టిన సంగీతానికి ఇది కరెక్టే. మన పలాస, టెక్కలి, ఉద్దానం వైపు వినపడే సంగీతానికి మాత్రం ఇది చెడుపు చేస్తోంది. డప్పు, తప్పెటగుళ్ళు, జముకు లాంటి వాద్యాల్ని రికార్డ్ చేసి, ఈ రూల్ ప్రకారం కోసేసి, ఆ తర్వాత "బేస్ రావట్లేదేంటి" అని బేస్ బూస్ట్ పెంచుతున్నాం. ముందు తీసేసి, తర్వాత లేనిదాన్ని పెంచడం అన్నమాట.

నేను ఈ సైట్‌లో ఇయర్‌బడ్స్, స్పీకర్ల గురించి రాస్తుంటాను. ఊళ్ళో తెలిసిన టీమ్‌లు ఫోన్‌తో తీసుకున్న పాటల్ని మిక్స్ చేసి పెట్టడం నా రెండో వ్యాపకం. అమ్మవారి సంబరాల్లో, పెళ్ళి ఊరేగింపుల్లో తీసిన ఆడియోలే ఎక్కువ. అందుకే ఈ విషయం ఇటు మిక్స్ చేసేవాడిగా, అటు గ్యాడ్జెట్లు టెస్ట్ చేసేవాడిగా రెండు వైపుల నుంచీ చెప్పాలనుకుంటున్నాను.

మన పాట బయటికి వెళ్తున్న టైమ్ ఇది

ఎందుకు ఇప్పుడే అంటే, శ్రీకాకుళం సౌండ్‌కి ఈ మధ్య వచ్చిన గిరాకీ అంతా ఇంతా కాదు. 2020 మార్చిలో వచ్చిన 'పలాస 1978'లో రఘు కుంచె సంగీతంలో 'నాది నక్కిలీసు గొలుసు' ఎంత తిరిగిందో మీకు తెలుసు. అది ఉత్తరాంధ్ర జానపదం. ఆ సినిమా కథలో అన్నదమ్ములు కూడా జానపద కళాకారులే. 2023 నవంబర్‌లో 'కోట బొమ్మాళి పీఎస్' వచ్చింది. సినిమా కంటే ముందే 'లింగిడి లింగిడి' రీల్స్‌లో ఊపేసింది. 2025 ఫిబ్రవరిలో 'తండేల్' శ్రీకాకుళం మత్స్యకారుల కథని దేశమంతా చూపించింది.

ఇవి పెద్ద స్టూడియోల్లో, అనుభవం ఉన్న ఇంజనీర్ల చేతుల్లో తయారైన పాటలు. వీటి వెనకాలే ఊరూరా చిన్న టీమ్‌లు బయల్దేరాయి. ఒక ఫోన్, ఒక కాలర్ మైక్, ఒక ఎడిటింగ్ యాప్, ఒక యూట్యూబ్ ఛానెల్. అసలు వాద్యం, అసలు గొంతు, అసలు యాస ఉండేది వీళ్ళ దగ్గరే. ఈరోజు వీళ్ళు తీసి పెడుతున్నదే ముప్పై ఏళ్ళ తర్వాత ఈ ప్రాంతం సౌండ్ అంటే ఏంటో చెప్పే రికార్డు. ఆ రికార్డులో కింది భాగం కోసేసి ఉంటే తర్వాత ఎవరూ తిరిగి తేలేరు. ఫిల్టర్ వేసి ఎక్స్‌పోర్ట్ చేసి, ఒరిజినల్ డిలీట్ చేశాక అన్‌డూ ఉండదు.

ఆ రూల్ ఎక్కడ పనిచేస్తుంది

పాప్, రాక్, ఈడీఎం పాటల్లో కింది ఫ్రీక్వెన్సీల బాధ్యత రెండింటిదే. ఒకటి కిక్ డ్రమ్, రెండోది బేస్ గిటార్ లేదా సింథ్. 1980లో వచ్చిన రోలాండ్ టీఆర్-808 లాంటి డ్రమ్ మెషీన్ల తర్వాత ఆ కింది భాగం ఇంకా లోతుకి వెళ్ళింది. గిటార్, కీబోర్డ్, గొంతు ట్రాక్‌లలో 100 హెర్ట్జ్ కింద మిగిలేది మైక్ తగిలిన చప్పుడు, ఏసీ గుయ్యిమనడం, స్టాండ్ ఊగిన శబ్దం. వాటిని కోసేస్తే కిక్‌కి, బేస్‌కి చోటు దొరుకుతుంది. కింద నేల గట్టిగా ఉంది కాబట్టే పైనున్నవాటి కాళ్ళు కొంచెం నరికినా ఇల్లు పడిపోదు.

మన ఊరేగింపు పాటలో ఆ నేల ఏది? కిక్ లేదు, బేస్ గిటార్ లేదు. డప్పే నేల. తప్పెటగుళ్ళలో గుండెల మీద కట్టుకున్న ఆ రేకు తప్పెటలే నేల. జముకుల కథలో జముకే నేల. వాటిని "కిక్ కాదు కదా" అని హై-పాస్ చేస్తే పాట కింద ఏమీ మిగలదు.

సినిమా పాటల్లో ఇలా ఎందుకు అనిపించదని మీకు డౌట్ రావచ్చు. సినిమా మిక్సింగ్‌లో జానపద వాద్యం కింద ఇంకో లో-ఎండ్ సౌండ్ పొర వేయడం మామూలు పద్ధతి. సింథ్ కిక్కో, పెద్ద డ్రమ్ శాంపులో పెడతారు. అప్పుడు డప్పు పుల్ల చప్పుడు పైన వినపడుతుంది, గుండెకి తగిలే దెబ్బ కింది పొర నుంచి వస్తుంది. మనం ఆ ఫిల్టర్‌ని కాపీ కొడుతున్నాం, కింది పొరని వేయట్లేదు. సగం వంటకం చూసి వండినట్టుంటుంది.

ఫిల్టర్ లెక్క ఏంటి

హై-పాస్ అంటే కత్తితో గీత గీసినట్టు కోయడం కాదు, అది ఒక వాలు. 100 హెర్ట్జ్ దగ్గర మామూలు 12 డీబీ స్లోప్ ఫిల్టర్ పెడితే, సరిగ్గా 100 దగ్గర 3 డీబీ తగ్గుతుంది, 50 దగ్గర సుమారు 12 డీబీ తగ్గుతుంది. 100కి పైన ఉన్నదీ కొంత తగ్గుతుంది. చాలామంది ఈ చివరి మాట మర్చిపోతారు.

ఉదాహరణకి మీ డప్పు కింది శిఖరం 110 హెర్ట్జ్ దగ్గర ఉందనుకుందాం. 100 దగ్గర ఫిల్టర్ పెడితే అది రెండు డీబీలకి పైగా తగ్గుతుంది. "ఇంకొంచెం క్లీన్ కావాలి" అని ఫిల్టర్‌ని 150కి జరిపితే అదే శిఖరం ఆరున్నర డీబీ పడిపోతుంది. 6 డీబీ అంటేనే తరంగం ఎత్తు సగానికి పడిపోయినట్టు. అంటే స్క్రీన్ మీద వేలు అర సెంటీమీటర్ జరిగేసరికి డప్పులో సగం పోయింది.

ఇప్పుడు అదే ఫిల్టర్‌ని శిఖరంలో సగం దగ్గర, 55 దగ్గర పెట్టండి. 110 దగ్గర తగ్గేది పావు డీబీ మాత్రమే, చెవికి తెలియదు. 27 హెర్ట్జ్ దగ్గరున్న గాలి దడదడ మాత్రం 12 డీబీ తగ్గిపోతుంది. నేను పాటించే రూల్ ఇదే: ముందు మీ వాద్యం కింది శిఖరం ఎక్కడుందో చూడండి, అందులో సగం దగ్గర ఫిల్టర్ పెట్టండి. నంబర్ ట్యుటోరియల్ నుంచి కాదు, మీ డప్పు నుంచి రావాలి.

శిఖరం చూడటానికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ఆండ్రాయిడ్‌లో స్పెక్ట్రాయిడ్ లాంటి ఫ్రీ యాప్ చాలు. డప్పు మధ్యలో నాలుగు దెబ్బలు కొట్టించి, గ్రాఫ్‌లో ఎడమ వైపు మొదట లేచే కొండ ఎక్కడుందో చూసుకోండి. ఒక్కో డప్పుకి ఒక్కో చోట ఉంటుంది. వెడల్పు, తోలు మందం, ఎంత కాచారు అన్నదాన్ని బట్టి మారుతుంది.

ఇంకో చిన్న సంగతి. హై-పాస్ ఫిల్టర్ శబ్దం స్థాయిని తగ్గించడమే కాదు, టైమింగ్‌ని కూడా కదిలిస్తుంది. దీన్ని ఫేజ్ షిఫ్ట్ అంటారు. స్లోప్ ఎంత నిటారుగా ఉంటే కదలిక అంత ఎక్కువ. దెబ్బలో కింది భాగం, పై భాగం కొంచెం విడిపోతాయి. ఒక్కోసారి ఫిల్టర్ వేశాక పీక్ మీటర్ తగ్గాల్సింది పోయి పైకి లేస్తుంది కూడా. కోస్తే హెడ్‌రూమ్ దొరకడం గ్యారంటీ కాదు. 48 డీబీ స్లోప్ కనిపించింది కదా అని వాడేయకండి, డప్పుకి 12 చాలు.

మృదంగానికి, డప్పుకి తేడా

"ఫోన్ స్పీకర్లో ఎలాగూ 100 హెర్ట్జ్ రాదు కదా, కోస్తే ఏంటి?" అని అడిగేవాళ్ళుంటారు. మంచి ప్రశ్నే. దీనికి జవాబులో ఒక సగం 1920 నాటిది.

విశాఖపట్నంలో చదువుకున్న సి.వి. రామన్, శివకాళి కుమార్‌తో కలిసి ఆ ఏడాది 'నేచర్' పత్రికలో భారతీయ డ్రమ్‌ల మీద ఒక చిన్న వ్యాసం రాశారు. మామూలుగా గుండ్రటి తోలుని బిగించి కొడితే వచ్చే స్వరాలు ఒకదానికొకటి లెక్కలో కుదరవు. ఆదర్శ పొరలో మొదటి స్వరం 1 అనుకుంటే, పైవి 1.59, 2.14, 2.30 ఇలా వస్తాయి. మృదంగం, తబలాల మీద పూసే నల్లటి ముద్ద ఈ లెక్కని సరిచేసి 2, 3, 4, 5 అన్నట్టు తెస్తుంది. అందుకే మృదంగం శ్రుతిలో పలుకుతుంది.

మిగతా సగం మన మెదడు పనితీరు. 2, 3, 4 వరసగా వినపడితే, 1 లేకపోయినా అది ఉందని మెదడు ఊహించుకుంటుంది. చిన్న స్పీకర్లో మగ గొంతు మగ గొంతులాగే వినపడటానికి కారణం ఇదే. మృదంగం కింది స్వరం ఫోన్ స్పీకర్లో పోయినా, పై స్వరాలు సాక్ష్యం చెప్తాయి.

డప్పుకి ఆ నల్ల ముద్ద లేదు. దాని పై స్వరాలు లెక్కలో కుదరవు కాబట్టి అవి కింది స్వరాన్ని మెదడుకి గుర్తు చేయలేవు. కింది భాగం కోసేస్తే మిగిలేది పుల్ల తగిలిన టపటప. రేకు డబ్బా మీద కొట్టినట్టు వినపడుతుంది. మృదంగం భరించే కోతని డప్పు భరించదు. ఒకే ప్రీసెట్ రెండింటికీ వాడకూడదు అనడానికి ఇంతకంటే కారణం కావాలా?

జముకు ఇంకో రకం. తోలు మధ్య నుంచి వచ్చే తీగని లాగి పట్టుకుని మీటుతారు. ఎంత బిగువుగా లాగితే శ్రుతి అంత పైకి జారుతుంది. దానికి ఒకచోట స్థిరంగా ఉండే శిఖరం ఉండదు. సన్నటి ఈక్యూ బూస్ట్ పెడితే, శ్రుతి అక్కడికి వచ్చినప్పుడల్లా ఒక్క దెబ్బ మాత్రం ఎగిరిపడి మిగతావి వెనకబడతాయి. జముకు మీద వెడల్పైన, తక్కువ ఎత్తు ఈక్యూ మాత్రమే వాడాలి.

గాలి, తేమ, నాయిస్ బటన్

ఉద్దానం తీరంలో రికార్డింగ్ అంటే గాలితో పేచీ. బారువ బీచ్‌లో అయినా, భావనపాడు వైపు అయినా ఫోన్ బయటికి తీస్తే మొదట రికార్డయ్యేది గాలే. 2018 అక్టోబర్ 11న తిత్లీ తీరం దాటిన ఊళ్ళవాళ్ళకి గాలి గురించి చెప్పేది ఏముంది! గాలి మైక్ మీద కొట్టే దడదడ ఎక్కువగా కింది ఫ్రీక్వెన్సీల్లోనే ఉంటుంది. డప్పు ఇల్లూ ఆ పక్కనే. అందుకే ఫోన్ కెమెరాలో ఉండే విండ్ ఫిల్టర్ ఆన్ చేస్తే గాలితో పాటు డప్పు కూడా సన్నబడుతుంది. ఎందుకంటే ఆ ఫిల్టర్ చేసే పనిలో ముఖ్యమైనది కింది భాగాన్ని కోయడమే.

గాలిని సాఫ్ట్‌వేర్‌తో కాదు, మైక్ దగ్గరే ఆపాలి. కాలర్ మైక్‌తో వచ్చే బొచ్చు తొడుగు పారేయకండి, అది అలంకారం కాదు. ఫోన్‌తోనే తీస్తుంటే గాలికి మీ వీపు పెట్టి నిలబడండి. జీడితోట, కొబ్బరితోట, గోడ ఏది దొరికితే దాని చాటుకి వెళ్ళండి. ఈ ఒక్క పనితో 55 దగ్గర ఉండాల్సిన ఫిల్టర్‌ని 150కి తోయాల్సిన అవసరం చాలాసార్లు తప్పుతుంది.

జనరేటర్, లైటింగ్ సెట్ నుంచి వచ్చే హమ్ ఇంకో తలనొప్పి. మన కరెంట్ 50 హెర్ట్జ్, కాబట్టి హమ్ 50, 100, 150 దగ్గర గీతల్లా కనిపిస్తుంది. దీనికి కూడా హై-పాస్ వాడి కింద మొత్తం ఊడ్చేస్తారు. అవసరం లేదు. ఆ గీతల దగ్గర మాత్రమే సన్నటి నాచ్ ఫిల్టర్ పెట్టండి. మధ్యలో ఉన్న డప్పు బతుకుతుంది.

తేమ సంగతి కూడా చెప్పాలి. డప్పుని మంట దగ్గర కాచి బిగువు తెస్తారని అందరికీ తెలుసు. సముద్రం పక్క ఊళ్ళలో రాత్రి అయ్యేకొద్దీ తోలు తేమ పీల్చి వదులవుతుంది, శ్రుతి దిగుతుంది. మళ్ళీ కాస్తే ఎక్కుతుంది. అంటే సాయంత్రం ఏడింటికి మీరు చూసిన శిఖరం రాత్రి పదకొండుకి అక్కడ ఉండదు. "డప్పు ప్రీసెట్" అని ఒకటి సేవ్ చేసుకుని రాత్రంతా వాడితే కుదరదు. ప్లాస్టిక్ పొర వేసిన డప్పులకి ఈ సమస్య తక్కువ, కానీ వాటి శబ్దమే వేరు.

ఇక నన్ను బాగా ఇబ్బంది పెట్టేది నాయిస్ రిమూవర్ బటన్. ఫోన్లలో, ఎడిటింగ్ యాప్‌లలో ఉండే ఏఐ నాయిస్ రిమూవర్లు ఎక్కువగా మాట కోసం తయారైనవి. మాటని ఉంచు, మిగతాది తీసెయ్ అన్నదే వాటి పని. పాటతో పాటు డప్పు మోగుతుంటే వాటి దృష్టిలో డప్పు కూడా చెత్తే. బటన్ నొక్కగానే గొంతు అద్దంలా వస్తుంది, వెనక డప్పు నీళ్ళలో మునిగినట్టు అయిపోతుంది.

దీన్ని నేను టెక్నికల్ లోపంగా మాత్రమే చూడలేను. డప్పుని ఊరి చివర నిలబెట్టి, అది సంగీతం కాదు చప్పుడు అని చాలా కాలం అన్నారు. ఎవరు వాయిస్తారో వాళ్ళ కులం చూసి అన్నారు. ఇప్పుడు అదే మాట ఒక యాప్ అంటోంది, దానికి తెలియక. మనకి తెలుసు కదా. తెలిసి కూడా ఆ బటన్ నొక్కడం నాకు నచ్చదు.

రెండు ఫోన్లతో తీస్తే

ఈ మధ్య టీమ్‌లు తెలివిగా రెండు ఫోన్లు పెడుతున్నాయి. ఒకటి పాడేవాళ్ళ దగ్గర, ఒకటి డప్పుల దగ్గర. మంచిదే. కానీ రెండింటిలోనూ డప్పు రికార్డవుతుంది. ఒక ఫోన్ డప్పుకి ఇంకోదానికన్నా మీటరున్నర దూరంగా ఉంటే, శబ్దం దానికి నాలుగు మిల్లీసెకన్లకి పైగా ఆలస్యంగా చేరుతుంది. రెండు ట్రాక్‌లూ కలిపినప్పుడు 114 హెర్ట్జ్ చుట్టుపక్కల ఒకటి పైకి, ఒకటి కిందకి కదులుతూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. సరిగ్గా మన డప్పు శరీరం ఉండే చోటే గుంత పడుతుంది.

ఈ గుంతని ఈక్యూతో పూడ్చలేరు. ఎంత పెంచినా రెండూ సమానంగా పెరిగి మళ్ళీ కొట్టేసుకుంటాయి. చేయాల్సింది ఒకటే: వేవ్‌ఫారమ్ జూమ్ చేసి, ఆలస్యంగా వచ్చిన ట్రాక్‌ని ముందుకి జరిపి, దెబ్బ మొదలు రెండింటిలో ఒకే చోట ఉండేలా చూడండి. "లో-ఎండ్ లేదు" అని నా దగ్గరికి వచ్చే ఆడియోల్లో ఈ పని చేయగానే సగం కంప్లైంట్ తీరిపోయేవి ఉంటాయి. ఈక్యూ ముట్టుకోకుండానే.

మిక్స్ చేసే గది గురించి కూడా ఒక్క మాట. పదికి పది అడుగుల బెడ్‌రూమ్‌లో స్పీకర్లు పెట్టుకుంటే, గోడల మధ్య 56 హెర్ట్జ్ దగ్గర శబ్దం నిలబడిపోతుంది. పొడవు, వెడల్పు సమానం కాబట్టి ప్రభావం రెట్టింపు. మీ కుర్చీ ఉన్న చోటుని బట్టి బేస్ విపరీతంగానో, అసలు లేనట్టో వినపడుతుంది. అలాంటి గదిలో కింది భాగం మీద నిర్ణయాలు హెడ్‌ఫోన్‌లో తీసుకోవడమే నయం.

బేస్ బూస్ట్ నొక్కితే పెరిగేది గాలి

ఇప్పుడు వినేవాళ్ళ వైపు వద్దాం. ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలాకాలంగా కనిపించే ఐదు బ్యాండ్ల ఈక్యూ గుర్తుందా? 60, 230, 910, 3600, 14000. మొదటి స్లైడర్ 60 దగ్గర, రెండోది 230 దగ్గర. మన 110 హెర్ట్జ్ డప్పు ఈ రెండింటి మధ్య సందులో పడింది. 60 స్లైడర్ పైకి తోస్తే డప్పు కొద్దిగా కదులుతుంది, దానికంటే ఎక్కువగా గాలి, స్టేజీ దడ, ట్రాక్టర్ ఇంజిన్ పెరుగుతాయి. 230 పెంచితే డబ్బాలో పెట్టినట్టు ఉంటుంది.

పది బ్యాండ్లు ఉన్న ఈక్యూ అయితే 125 స్లైడర్ ఉంటుంది. జానపదం వినేటప్పుడు దాన్ని రెండు మూడు డీబీ పెంచి, 31, 62 స్లైడర్లని సున్నా దగ్గరే వదిలేయండి. పవరాంప్ లాంటి ప్లేయర్‌లో పారామెట్రిక్ ఈక్యూ ఉంటే ఇంకా మంచిది, కావాల్సిన ఫ్రీక్వెన్సీ మీరే పెట్టుకోవచ్చు.

పెంచే ముందు ఇంకో లెక్క. ఇప్పటి పాటలు చాలావరకు డిజిటల్ గరిష్ఠం అంచున ఉంటాయి. దాని మీద 6 డీబీ పెంచితే పైన తగిలి చిట్లుతుంది. ప్రీయాంప్ అని ఒక స్లైడర్ ఉంటే దాన్ని అంతే తగ్గించండి. యాంప్లిఫయర్ వైపు చూస్తే, 6 డీబీ పెంచడానికి నాలుగు రెట్ల పవర్ కావాలి, 12 డీబీకి సుమారు పదహారు రెట్లు. చేతిలో పట్టే బ్లూటూత్ స్పీకర్‌కి అంత శక్తి ఎక్కడిది? అందుకే చాలా స్పీకర్లు వాల్యూమ్ పెంచేకొద్దీ తమంతట తామే బేస్ తగ్గించుకుంటాయి. మీరు పైకి తోస్తారు, లోపలున్న చిప్ కిందకి తోస్తుంది. మధ్యలో బ్యాటరీ అయిపోతుంది.

వాల్యూమ్ తగ్గించి వింటే బేస్ ముందు మాయమవడం కూడా మీ స్పీకర్ తప్పు కాదు. మన చెవి అంతే. 1933లోనే ఫ్లెచర్, మన్సన్ కొలిచి చూపించారు: శబ్దం తగ్గేకొద్దీ కింది ఫ్రీక్వెన్సీలు చెవికి ఇంకా తక్కువ వినపడతాయి. కాబట్టి రాత్రి ఇంట్లో చిన్నగా మిక్స్ చేసి బేస్ దండిగా పెట్టేసి, మర్నాడు ఊరేగింపులో డీజే బాక్సుల మీద వేస్తే ఇళ్ళ కిటికీలు మోగుతాయి, మాట వినపడదు. ఒకే మిక్స్‌ని మామూలు వాల్యూమ్‌లో ఒకసారి, తగ్గించి ఒకసారి విని మధ్యలో ఆగండి.

రివ్యూలు రాసేవాళ్ళకి, కంపెనీలకి

"ఇండియన్ లిజనర్స్ కోసం ప్రత్యేకంగా ట్యూన్ చేశాం" అని రాసి ఉన్న ఇయర్‌బడ్స్ ఎన్ని చూశామో లెక్కలేదు. తెరిచి వింటే 50, 60 హెర్ట్జ్ దగ్గర కొండ లేపి ఉంటుంది. అది క్లబ్ మ్యూజిక్ కోసం చేసిన ట్యూనింగ్. డప్పు, ఢోలు, తప్పెట వినే దేశానికి 100 నుంచి 200 మధ్య భాగం శుభ్రంగా, బిగువుగా ఉండాలి. అక్కడ బురదగా ఉండి కింద కొండ ఉంటే మన పాట వెనక్కి పోతుంది.

రివ్యూల్లో "బేస్ పంచీగా ఉంది" అని రాయడానికి ఎప్పుడూ అవే రెండు మూడు ఇంగ్లిష్ ట్రాక్‌లు వేస్తే ఇది ఎప్పటికీ బయటపడదు. తెలుగులో రివ్యూ రాస్తున్నప్పుడు టెస్ట్ ట్రాక్‌లలో కనీసం ఒక్కటి బయట, తోలు డప్పుతో, పొరలు వేయకుండా తీసినది ఉండాలని నా డిమాండ్. దెబ్బ మొదలు, దాని కింద గుమ్, ఆ గుమ్ ఎంత త్వరగా ఆగుతోంది, వరసలో పదిమంది కొడుతుంటే విడివిడిగా వినపడుతున్నారా లేదా. ఈ నాలుగూ రాస్తే చదివేవాడికి పనికొస్తుంది.

ఫోన్ కంపెనీల్ని అడిగేది కూడా పెద్దదేం కాదు. ప్రాసెసింగ్ లేకుండా రికార్డ్ చేసే వీలు ఆండ్రాయిడ్ 7 నుంచే యాప్ డెవలపర్లకి ఉంది, హార్డ్‌వేర్ సపోర్ట్ చేస్తే. దాన్ని సొంత రికార్డర్ యాప్‌లో ఒక బటన్‌గా బయట పెట్టండి. "మాట", "సంగీతం", "ఏమీ ముట్టుకోకు" అని మూడు ఆప్షన్లు చాలు. కొన్ని ఫోన్లలో ఇలాంటివి ఉన్నాయి, బడ్జెట్ ఫోన్లలోకి రావాలి. ఊళ్ళో టీమ్‌ల చేతిలో ఉన్నవి అవే.

అయితే లో-కట్ వద్దా?

వద్దని అనట్లేదు. గొంతు ట్రాక్ మీద వాడండి. మైక్ నోటికి దగ్గరైతే పెరిగే ఉబ్బుని తగ్గించడానికి అది కావాలి. తాళాలు, సన్నాయి మీద ధైర్యంగా వాడండి. డప్పు మీద కూడా 40, 50 కింద ఉన్న చెత్త తీసేయండి, ఎందుకంటే అది వినపడకుండా హెడ్‌రూమ్ తినేస్తుంది. నేను వద్దంటున్నది నంబర్‌ని గుడ్డిగా మోసుకురావడం.

ఫిల్టర్ వేశాక బైపాస్ బటన్ నొక్కి, వదిలి, పోల్చి వినండి. ఫోన్ స్పీకర్లో కాదు, హెడ్‌ఫోన్‌లో. "క్లీన్ అయింది" అనిపించడం వేరు, "తేలికైపోయింది" అనిపించడం వేరు. రెండోది అనిపిస్తే ఫిల్టర్‌ని కిందకి జరపండి. వీలైతే వాయించినవాళ్ళకి వినిపించండి. వాళ్ళకి హెర్ట్జ్‌లు తెలియకపోవచ్చు, తమ డప్పు తమలా పలుకుతోందో లేదో ఒక్క దెబ్బలో చెప్పేస్తారు.

అన్నిటికంటే ముఖ్యంగా, ఏ ఫిల్టరూ వేయని ఒరిజినల్ వేవ్ ఫైల్‌ని ఒక మెమరీ కార్డులోనో, డ్రైవ్‌లోనో దాచండి. తేదీ, ఊరు, వాద్యం, వాయించినవాళ్ళు ఒప్పుకుంటే వాళ్ళ పేర్లు ఫైల్ పేరులో రాయండి. రేపు మీకంటే బాగా మిక్స్ చేసేవాడు వస్తాడు, మంచి టూల్స్ వస్తాయి. అప్పుడు వాళ్ళకి కావాల్సింది మీ ఈక్యూ కాదు, ఆ డప్పు.